ఓటీటీ రెన్యువల్ మెసేజ్ వచ్చిందా? ఉంచాలా.. తీసేయాలా? డబ్బులు కట్ అయ్యేలోపు ఇంట్లో తేలాల్సిన లెక్క ఇదీ!

రేపు మీ ఖాతా నుంచి రూ.499 కట్ అవుతుందని బ్యాంకు మెసేజ్ వస్తుంది. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, లోన్ ఈఎంఐ మెసేజ్‌ల మధ్యలో దాన్ని చూసి కూడా చాలామంది వదిలేస్తారు. మర్నాడు డబ్బులు వెళ్లిపోయాక ఇంట్లో గొడవ మొదలవుతుంది. "ఎవరు చూస్తున్నారని ఇంకా కడుతున్నాం?" అని ఒకరు, "నేను చూస్తున్నాగా" అని ఇంకొకరు. వచ్చే నెల తీసేద్దాం అనుకుంటారు. వచ్చే నెల కూడా అదే మెసేజ్, అదే మాట.

ఓటీటీ ఇప్పుడు సరదా ఖర్చు కాదు.. పాలు, పేపర్, కేబుల్ లాగా ఇంటి నెలవారీ పద్దుల్లో ఒకటైపోయింది. పాలవాడు రెండు రోజులు రాకపోతే లెక్క తగ్గించుకుంటాం. నెలంతా యాప్ తెరవకపోయినా ఓటీటీ డబ్బు మాత్రం మొత్తం కట్ అవుతుంది. తేడా అక్కడే ఉంది. మరి ఒక మధ్యతరగతి ఇల్లు దీన్ని ఎలా తేల్చుకోవాలి?

ఒక ఇల్లు.. ఐదుగురు మనుషులు

ఊహకు ఒక ఇంటిని తీసుకుందాం. విజయవాడలో ఉంటున్న కుటుంబం. నాన్న ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో పని చేస్తారు. అమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుడతారు. అబ్బాయి హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి బీటెక్ చదువుతున్నాడు. అమ్మాయి ఇంటర్ సెకండ్ ఇయర్. నానమ్మకు మోకాళ్ల నొప్పి, బయటకు వెళ్లలేరు. హాల్లో 32 అంగుళాల స్మార్ట్ టీవీ. ఇంట్లో నెట్‌ఫ్లిక్స్ స్టాండర్డ్, అమెజాన్ ప్రైమ్, జియోహాట్‌స్టార్ ప్రీమియం.. మూడూ ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో సందర్భంలో తీసుకున్నారు. మూడూ కలిపి ఎంతవుతుందో ఎప్పుడూ లెక్క వేయలేదు.

ఆ లెక్క వేద్దాం. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబర్‌లో మన దేశంలో రేట్లు తగ్గించింది. అప్పటి నుంచి మొబైల్ ప్లాన్ రూ.149, బేసిక్ రూ.199, స్టాండర్డ్ రూ.499, ప్రీమియం రూ.649. స్టాండర్డ్ అంటే ఏడాదికి రూ.5,988. అమెజాన్ ప్రైమ్ అదే నెలలో, అంటే 2021 డిసెంబర్‌లోనే, ఏడాది చందాను రూ.999 నుంచి రూ.1,499కి పెంచింది. జియోహాట్‌స్టార్ 2025 ఫిబ్రవరి 14న మొదలైనప్పుడు ప్రీమియం ఏడాది ప్లాన్ రూ.1,499గా ప్రకటించారు. మూడూ కలిపితే రూ.8,986. పై ఖర్చులు ఇందులో లేవు. ఈ రేట్లు మారుతూ ఉంటాయి కాబట్టి రెన్యువల్ రోజు యాప్‌లో ఏ అంకె కనిపిస్తే అదే అసలు లెక్క.

తొమ్మిది వేలు. అమ్మాయి ఇంటర్ పుస్తకాలు, పరీక్ష ఫీజు గుర్తుకొచ్చేంత మొత్తమే. అయినా ముక్కలు ముక్కలుగా వెళ్లడం వల్ల ఎవరికీ బరువు తెలియలేదు.

మనకున్న అసలు సమస్య.. ఒక్కో సినిమా ఒక్కో చోట

తెలుగు ఇళ్లలో ఓటీటీ అంటే ముందు సినిమానే. సిరీస్‌లు ఆ తర్వాత. ఇక్కడే చిక్కు వస్తోంది. 2024 సంక్రాంతిని గుర్తు చేసుకోండి. గుంటూరు కారం నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్లింది. సైంధవ్ ప్రైమ్ వీడియోలో వచ్చింది. నా సామిరంగ అప్పటి డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో. హనుమాన్ జీ5లో. ఒక్క పండగ, నాలుగు సినిమాలు, నాలుగు యాప్‌లు! నాలుగింటినీ ఇంట్లో కూర్చుని చూడాలంటే నాలుగు చందాలు కట్టాలి.

2025 సంక్రాంతి కూడా అంతే. గేమ్ ఛేంజర్ ఫిబ్రవరి 7న ప్రైమ్‌లో, డాకు మహారాజ్ ఫిబ్రవరి 21న నెట్‌ఫ్లిక్స్‌లో, సంక్రాంతికి వస్తున్నాం మార్చి 1న జీ5లో. అయితే మూడో సినిమా విషయంలో ఒక తమాషా జరిగింది. అదే రోజు జీ తెలుగు ఛానల్‌లో కూడా వేసేశారు. అంటే ఇంట్లో మామూలు కేబుల్ కనెక్షన్ ఉన్నవాళ్లు అదనంగా రూపాయి పెట్టకుండా సోఫాలో కూర్చుని చూసేశారు. ఓటీటీ కోసమని కేబుల్ పీకేసిన ఇళ్లు మాత్రం జీ5 కోసం వెతుక్కున్నాయి. కేబుల్ దండగ అనే ముందు ఈ సంగతి ఒకసారి గుర్తు తెచ్చుకోవడం మంచిది.

భాషల గొడవ ఇంకొకటి. ఆర్ఆర్ఆర్ 2022 మేలో ఓటీటీకి వచ్చినప్పుడు తెలుగు వెర్షన్ జీ5లో, హిందీ వెర్షన్ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి. కల్కి 2898 ఏడీకి 2024 ఆగస్ట్ 22న ఇదే జరిగింది.. తెలుగు ప్రైమ్‌లో, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో. పోస్టర్ చూసి చందా కట్టేసి, తీరా ప్రభాస్ హిందీలో మాట్లాడుతుంటే బిక్కమొహం వేసినవాళ్లు మనలో ఉన్నారు. సినిమా ఏ యాప్‌లో వస్తోందన్న దానితో పాటు ఏ భాషలో వస్తోందో కూడా చూసుకున్నాకే డబ్బు కట్టాలి.

మరి ఎంత ఆగితే వస్తుంది? 2022 ఆగస్ట్‌లో తెలుగు నిర్మాతలు షూటింగ్‌లు ఆపి మరీ చర్చించుకున్న వాటిలో ఇదొకటి. థియేటర్లో విడుదలైన 8 వారాల తర్వాతే ఓటీటీ అన్నారు. ఆచరణలో ఒక్కో సినిమాది ఒక్కో దారి. కల్కి, పుష్ప 2 దాదాపు 8 వారాలు ఆగాయి. పుష్ప 2 డిసెంబర్ 5న థియేటర్లకు వచ్చి, 2025 జనవరి 30న నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చింది. దేవర 6 వారాల్లో వచ్చేసింది. గేమ్ ఛేంజర్ 4 వారాలకే వచ్చింది. మొత్తానికి నెలా రెండు నెలల్లో ఏదో ఒక చోట ఉంటుంది. పైగా ఒకసారి వచ్చిన సినిమా మర్నాడే మాయమైపోదు. 2025 సంక్రాంతి సినిమాలనే చూడండి.. మార్చి మొదటి వారం దాకా ఆగినవాళ్లకు మూడూ దొరికాయి. జనవరి నుంచి మూడు యాప్‌లకూ వరుసగా డబ్బు కట్టిన వాళ్లు చూసింది కూడా అవే మూడు సినిమాలు.

అందుకే ఏడాది పొడవునా అన్నీ ఉంచుకోవడం కన్నా, ఈ నెల ఒకటి, రెండు నెలల తర్వాత ఇంకొకటి అని తిప్పుకోవడమే తెలుగు ఇళ్లకు సరిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ నెలవారీ ప్లానే కాబట్టి దీనికి బాగా కుదురుతుంది. ఏడాదిలో మూడు నెలలు రూ.499 చొప్పున కట్టినా రూ.1,497. పన్నెండు నెలలకు కట్టే దానిలో పావు వంతు.

రూ.499 ప్లాన్ ఆ టీవీకి అవసరమా?

ఈ ప్రశ్న చాలా ఇళ్లలో ఎవరూ వేసుకోరు. నెట్‌ఫ్లిక్స్ బేసిక్ ప్లాన్‌లో బొమ్మ 720పీ నాణ్యతతో వస్తుంది, ఒకసారికి ఒక స్క్రీన్ మీదే చూడొచ్చు. స్టాండర్డ్‌లో 1080పీ, రెండు స్క్రీన్లు. ప్రీమియంలో 4కే, నాలుగు స్క్రీన్లు. మన ఇళ్లలో ఉన్న 32 అంగుళాల టీవీల్లో ఎక్కువ భాగం హెచ్‌డీ రెడీ టీవీలే. వాటి తెరే 720పీకి కాస్త అటూ ఇటుగా ఉంటుంది. దాని మీద స్టాండర్డ్ పెట్టినా ప్రీమియం పెట్టినా కంటికి పెద్ద తేడా కనిపించదు. రూ.199 ప్లాన్ చాలు. బేసిక్‌కీ స్టాండర్డ్‌కీ తేడా నెలకు రూ.300, ఏడాదికి రూ.3,600! టీవీ పెట్టె మీద, లేదంటే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ ఎంతో ఒక్కసారి చూస్తే ఈ డబ్బు మిగులుతుంది.

"రెండో స్క్రీన్ అబ్బాయి కోసం కదా" అని అమ్మ అనొచ్చు. హాస్టల్లో ఉన్నవాడికి ఇంటి ఐడీ ఇచ్చే రోజులు నెట్‌ఫ్లిక్స్ వరకు అయిపోయాయి. 2023 జూలైలో మన దేశంలో పాస్‌వర్డ్ పంచుకోవడానికి కంపెనీ అడ్డుకట్ట వేసింది. ఒక ఖాతా ఒకే ఇంట్లో ఉండేవాళ్లకు అని తేల్చి చెప్పింది. అమెరికాలో ఉద్యోగం చేసే కొడుకు ఐడీతో ఇక్కడ అమ్మానాన్నలు చూసుకునే ఏర్పాటుకూ అప్పుడే దెబ్బ పడింది. ప్రైమ్ వీడియో మరీ అంత గట్టిగా లేదు కానీ 2025 జనవరి నుంచి అది కూడా ఐదు డివైజ్‌లు, అందులో టీవీలు రెండే అని గీత గీసింది. మనం చెప్పుకున్న ఇంటికి ఇది చాలు.. హాల్లో ఒక టీవీ, నాలుగు ఫోన్లు.

చందా కట్టినా యాడ్సే!

డబ్బులు కట్టేదే యాడ్స్ లేకుండా చూడటానికి అనుకునేవాళ్లం. 2025 జూన్ 17 నుంచి ప్రైమ్ వీడియోలో కూడా యాడ్స్ మొదలయ్యాయి. అవి వద్దనుకుంటే నెలకు రూ.129, లేదా ఏడాదికి రూ.699 అదనం అన్నారు. అంటే రూ.1,499 కట్టినవాళ్లు పాత అనుభవమే కావాలంటే రూ.2,198 కట్టాలి. ఇది రేటు పెంచామని చెప్పకుండా రేటు పెంచడమే. జియోహాట్‌స్టార్‌లోనూ ప్రీమియం తీసుకుంటేనే సినిమాలు, షోలు యాడ్స్ లేకుండా వస్తాయి. లైవ్ మ్యాచ్‌లకు ప్రీమియం కట్టినా యాడ్స్ తప్పవు. క్రికెట్ కోసమే ప్రీమియం తీసుకున్న నాన్నలు గమనించాల్సిన విషయం ఇది.

క్రికెట్ సంగతి వచ్చింది కాబట్టి.. 2023, 2024 ఐపీఎల్ సీజన్లను జియోసినిమాలో ఉచితంగా చూశాం. అలవాటు పడ్డాం. 2025 సీజన్‌కి ముందు జియోసినిమా, హాట్‌స్టార్ కలిసిపోయి జియోహాట్‌స్టార్ అయ్యాయి. ఉచితం పోయి చందా వచ్చింది. ఐపీఎల్ నడిచేది సుమారు రెండు నెలలు. జియోహాట్‌స్టార్ మొదలైనప్పుడు మూడు నెలలకు మొబైల్ ప్లాన్ రూ.149, సూపర్ ప్లాన్ రూ.299 అని ప్రకటించారు. రెండు నెలల ఆట కోసం ఏడాది ప్లాన్ తీసుకోవడం దండగ. కేబుల్ ఉంటే స్టార్ స్పోర్ట్స్ తెలుగులో కామెంటరీతో సహా వస్తుంది.

"రీఛార్జ్‌తో ఫ్రీ" అంటే నిజంగా ఫ్రీనా?

ఫోన్ రీఛార్జ్‌తో ఓటీటీ ఉచితం అనే ప్రకటనలు రోజూ చూస్తున్నాం. ఒకదాన్ని విప్పి చూద్దాం. 2024 జూలైలో టెలికాం కంపెనీలు టారిఫ్‌లు పెంచిన తర్వాత జియోలో 84 రోజులకు, రోజుకు 2 జీబీ ప్లాన్ రూ.859. అదే 84 రోజులు, అదే 2 జీబీ, దానికి నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ కలిపితే రూ.1,299. తేడా రూ.440. నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్ విడిగా మూడు నెలలకు తీసుకుంటే రూ.447. అంటే మిగిలింది ఏడు రూపాయలు. అది కూడా 84 రోజులకు, 90కి కాదు. రోజుల లెక్క వేస్తే విడిగా కట్టుకోవడమే చవక. పైగా విడిగా తీసుకుంటే నచ్చనప్పుడు ఒక నెలకే ఆపేయొచ్చు. రీఛార్జ్‌లో కలిసిపోతే 84 రోజులూ ఇరుక్కున్నట్టే.

అన్ని ప్యాక్‌లూ ఇలాగే ఉంటాయని కాదు. కొన్ని బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్లలో నిజంగానే లాభం ఉంటుంది. చేయాల్సింది ఒకటే.. ఓటీటీ లేని ప్లాన్ రేటు, ఓటీటీ ఉన్న ప్లాన్ రేటు పక్కపక్కన పెట్టి తీసేయడం. అందులో వచ్చేది టీవీలో పని చేస్తుందా, ఫోన్‌లోనే పని చేస్తుందా అనేది అడగడం. మొబైల్ ప్లాన్ అంటే ఫోన్ తెర మీదే. నానమ్మకు అది పనికిరాదు.

డేటా కూడా ఖర్చే. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారమే హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా, సాధారణ నాణ్యతలో 1 జీబీ దాకా పోతుంది. రోజుకు 2 జీబీ ఉన్న ఫోన్ నుంచి టీవీకి హాట్‌స్పాట్ ఇస్తే సినిమా ఇంటర్వెల్ దాటకముందే చక్రం తిరుగుతుంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేకుండా ఓటీటీ చందా కట్టడం.. గ్యాస్ కనెక్షన్ లేకుండా స్టవ్ కొనుక్కోవడం లాంటిది.

ఎవరు చూస్తున్నారు? ఎవరు కడుతున్నారు?

డబ్బు లెక్క తేలిగ్గానే తేలుతుంది. మనుషుల లెక్క దగ్గరే కష్టం. మామూలుగా ఆటోపే నాన్న ఫోన్‌లో ఉంటుంది. మెసేజ్ ఆయనకే వస్తుంది. ఆయన ఎక్కువగా చూడరు. కాబట్టి ఆయన కంటికి అది అనవసర ఖర్చు. అమ్మకు మధ్యాహ్నం మిషన్ దగ్గర కూర్చున్నప్పుడు పక్కన ఏదో ఒకటి నడుస్తుండాలి. కుట్టుపని నాలుగైదు గంటలు సాగాలంటే ఆ మాటలు వినిపిస్తుండాలి. నానమ్మకు స్టార్ మా సీరియల్ టైమ్‌కి చూడలేకపోతే తర్వాత హాట్‌స్టార్‌లో పెట్టి ఇవ్వాలి. ఇంటి నుంచి బయటకు వెళ్లలేని మనిషికి రోజంతటిలో ఎదురుచూసేది అదొక్కటే కావచ్చు.

డబ్బు కట్టేవాళ్లు చూడని దాన్ని దండగ అనేయడం చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటు. రోజుకు రెండు టీలు బయట తాగే ఖర్చు నెలాఖరులో ఎవరూ అడగరు, వంటగది పక్కన నడిచే రూ.199 మాత్రం చర్చకు వస్తుంది. కాబట్టి తీసేయాలా వద్దా అని అడిగే ముందు, ఒక నెల ఎవరు ఏది చూశారో చూడాలి. దీనికి కాగితం, పెన్ను అక్కర్లేదు. నెట్‌ఫ్లిక్స్ ఖాతాలో ఒక్కో ప్రొఫైల్ కింద ఏ రోజు ఏం చూశారో జాబితా ఉంటుంది. మిగతా వాటిలో కూడా 'కంటిన్యూ వాచింగ్' వరుస చూస్తే కొంత తెలిసిపోతుంది. ఆ వరుసలో మూడు నెలల కిందటి సగం సినిమానే ఇంకా మొదట్లో కనిపిస్తోందంటే ఆ యాప్ సంగతి తేలిపోయినట్టే.

అమ్మాయి పరీక్షల సంగతి వేరు. ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే రెండు రాష్ట్రాల్లోనూ ఇంటర్ ఇళ్లలో ముందు పడే వేటు ఓటీటీ మీదే. ఆ రెండు నెలలు ఆపడంలో తప్పు లేదు, డబ్బు మిగులుతుంది. దాంతో చదువు పెరుగుతుందని మాత్రం అనుకోవద్దు. చేతిలో ఫోన్ ఉంది, యూట్యూబ్ ఉంది, రీల్స్ ఉన్నాయి.. అవన్నీ ఉచితం. రెండున్నర గంటల సినిమా కన్నా ముప్పై సెకన్ల రీల్స్ ఎక్కువ సమయం తింటాయని ఇంటర్ పిల్లలున్న ఇంట్లో చెప్పక్కర్లేదు. అమ్మాయిని కట్టడి చేయాలని ఆపితే నష్టపోయేది నానమ్మ.

ఇంకో మాట.. అందరూ కలిసి చూసే తెర కాబట్టి తాళం కూడా చూసుకోవాలి. 2023లో రానా నాయుడు వచ్చినప్పుడు వెంకటేశ్ సిరీస్ కదా అని ఇంటిల్లిపాదీ కూర్చుని, పది నిమిషాల్లో రిమోట్ కోసం వెతుక్కున్న ఇళ్లెన్నో. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు వయసు రేటింగ్ చూపించాలి, 13 ఏళ్లు పైబడిన వారి కోసం ఉద్దేశించిన వాటి నుంచి తల్లిదండ్రులు తాళం వేసుకునే సౌకర్యం ఇవ్వాలి. ఆ పిన్ పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. ప్రైమ్‌లో డబ్బు చెల్లించి అద్దెకు తీసుకునే సినిమాలు కూడా ఉంటాయి కాబట్టి, కొనుగోలుకు కూడా పిన్ పెట్టడం మేలు. పిల్లలు రిమోట్‌తో ఆడుతూ నొక్కేస్తే బిల్లు మనకే.

మరి మన విజయవాడ ఇల్లు ఏం చేయాలి?

మా అంచనా ఇదీ. ప్రైమ్ ఉంచుకోవచ్చు. సినిమాల కోసమే అయితే కాదు.. అమెజాన్‌లో వస్తువులు తెప్పించుకుంటూ ఉంటేనే రూ.1,499కి న్యాయం జరుగుతుంది. నెలకు ఒక్క ఆర్డర్ కూడా పెట్టని ఇల్లయితే దీన్ని కూడా తీసేయాల్సిందే. యాడ్స్ తీసేయడానికి ఇచ్చే రూ.699 మాత్రం ఈ ఇంటికి అవసరం లేదు. మిషన్ తొక్కుతూ వినే అమ్మకు యాడ్ వచ్చినా నష్టం లేదు, కేబుల్ కాలం నుంచి అలవాటే.

జియోహాట్‌స్టార్ నానమ్మ కోసం ఉండాలి. కానీ ప్రీమియం నుంచి కిందికి దిగొచ్చు. సూపర్ ప్లాన్‌లోనూ టీవీలో చూడొచ్చు, రెండు డివైజ్‌లు వస్తాయి. మొదలైనప్పటి రేటు ప్రకారం ఏడాదికి రూ.899. సీరియల్ మధ్య యాడ్స్ నానమ్మకు కొత్త కాదు.

నెట్‌ఫ్లిక్స్ దగ్గరే కోత పెట్టాలి. ఏడాదికి మూడు నాలుగు నెలలు, అది కూడా రూ.199 బేసిక్. పెద్ద తెలుగు సినిమా వచ్చిన వారం తర్వాత తీసుకుని, ఆ నెలలోనే మిగిలినవి కూడా చూసేసి ఆపేయాలి. నాలుగు నెలలకు రూ.796. మొత్తం కలిపితే 1,499, 899, 796.. రూ.3,194. ముందు కడుతున్నది రూ.8,986. మిగిలేది రూ.5,792. ఇంట్లో ఎవరూ తమకు కావాల్సింది కోల్పోలేదు.. అబ్బాయి ఒక్కడు తప్ప. వాడికి నెట్‌ఫ్లిక్స్ కావాలంటే హాస్టల్లో రూ.149 మొబైల్ ప్లాన్ ఉంది, పాకెట్ మనీలోంచి కట్టుకోమనొచ్చు.

ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, జీ5.. వీటి మాటేంటి అంటే, ఒక్కోటి ఒక్కో సందర్భానికి. 2024 జనవరిలో 90s మిడిల్ క్లాస్ బయోపిక్ కోసం ఈటీవీ విన్ తీసుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. డబ్బుకు తగ్గ సిరీస్ అది, అందులో సందేహం లేదు. ఇలాంటివి వచ్చినప్పుడు తక్కువ గడువున్న ప్లాన్ తీసుకుని, చూసేసి, ఆపేయడమే పద్ధతి. ఏడాది ప్లాన్ మీద భారీ తగ్గింపు చూపిస్తారు. ఏడాదంతా చూస్తారా లేదా అనేది గత ఏడాది చరిత్రే చెబుతుంది. ప్రసార భారతి 2024 నవంబర్‌లో తెచ్చిన వేవ్స్ లాంటివి ఉచితంగా కూడా ఉన్నాయి. పాత దూరదర్శన్ కార్యక్రమాలంటే ఇష్టమున్న పెద్దవాళ్లకు ఒకసారి పెట్టి చూపించొచ్చు.

థియేటర్‌తో పోల్చి చూసేవాళ్లకు ఒక అంకె. హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో టికెట్ రూ.295 అనుకుంటే నలుగురికి రూ.1,180. పాప్‌కార్న్, పార్కింగ్, పెట్రోల్ వేరే. ఒక్క సాయంత్రం ఖర్చుతో ఆ ఇంటికి ఏడాది జియోహాట్‌స్టార్ సూపర్ వచ్చి ఇంకా మిగులుతుంది. ఓటీటీ ఖరీదు అనిపించేది దాన్ని చూడనప్పుడే.

చందా ఎందుకని కొందరు పైరసీ సైట్ల వైపు వెళ్తారు. 2025 నవంబర్‌లో ఐబొమ్మ నిర్వాహకుడిని హైదరాబాద్ పోలీసులు అరెస్ట్ చేసిన తర్వాత ఎంతమంది 'ఇప్పుడెలా' అని పోస్టులు పెట్టారో చూశాం. అలాంటి సైట్లలో ఒక్క క్లిక్‌కి తెరుచుకునే బెట్టింగ్ పేజీలు, తెలియని యాప్‌లు ఫోన్‌కి చేసే హాని గురించి ఆ పోస్టుల్లో ఎవరూ రాయలేదు. అదే ఫోన్‌లో మన యూపీఐ కూడా ఉంటుంది.

తీసేయాలంటే.. యాప్ డిలీట్ చేస్తే సరిపోదు

చాలామంది మోసపోయేది ఇక్కడే. ఫోన్‌లోంచి యాప్ తీసేసి చందా ఆగిపోయిందనుకుంటారు. ఆగదు. యాప్ ఉన్నా లేకపోయినా ఆటోపే నడుస్తూనే ఉంటుంది. ముందుగా ఓటీటీ ఖాతాలోకి వెళ్లి మెంబర్‌షిప్ క్యాన్సిల్ చేయాలి. ఆ తర్వాత ఫోన్‌పే, గూగుల్ పే వంటి యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలో ఆ మ్యాండేట్ కూడా తీసేయాలి. గూగుల్ ప్లే ద్వారా కట్టి ఉంటే ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్ దగ్గర ఆపాలి. రీఛార్జ్‌తో వచ్చినదైతే రీఛార్జ్ మార్చడమే దారి. ప్రైమ్‌లో అదనపు ఛానళ్లు తీసుకుని ఉంటే అవి విడిగా రెన్యువల్ అవుతాయి, విడిగానే ఆపాలి.

నెట్‌ఫ్లిక్స్‌లో ఈ రోజు క్యాన్సిల్ చేసినా, కట్టిన నెల పూర్తయ్యేదాకా చూడొచ్చు. కాబట్టి తీసుకున్న మొదటి రోజే క్యాన్సిల్ నొక్కేసి నెలంతా చూసుకోవడం తెలివైన పని. మర్చిపోతామన్న భయం ఉండదు.

ఆర్బీఐ నిబంధనల ప్రకారం ఆటోపే డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు మనకు సమాచారం రావాలి. రూ.15,000 లోపు అయితే ప్రతిసారీ ఓటీపీ అడగరు. ఓటీటీ చందాలన్నీ ఆ లోపే కాబట్టి మనకున్న ఒకే ఒక్క అవకాశం ఆ ముందస్తు మెసేజ్. క్యాన్సిల్ బటన్ దొరక్కుండా దాచడం, ఆపాలంటే నానా తిప్పలు పెట్టడం వంటి వాటిని 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' కింద కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్ 30 నాటి మార్గదర్శకాల్లో నిషేధించింది. అలాంటిది ఎదురైతే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

ఇక రేపు కట్ అవుతుందని మెసేజ్ వచ్చి ఉంటే, తీసేయాలనుకున్నవాళ్లకు ఈ రాత్రే సమయం. నాన్న ఫోన్‌లో ఆటోపే జాబితా తెరిచి, అందులో ఎన్ని పేర్లున్నాయో ఇంట్లో అందరి ముందూ చదివితే చాలు.. సగం ఇళ్లలో మర్చిపోయిన పేరు ఒకటైనా బయటపడుతుంది.